మెదడులో నివురుగప్పిన నిప్పు
ఎం.ఆర్.ఐ. పరీక్షలో కనబడుచున్న క్రొత్త ఆనవాలు

పాలు కాగు దాలిని పైనుండి చూచినవారికి బూడిద మాత్రమే కనబడును. చేయి దగ్గరకు చేర్చినప్పుడే లోపలి వేడిమి తెలియును. ఇట్టి నివురుగప్పిన నిప్పు మనుష్యుని మెదడులో గూడ ఏండ్ల తరబడి రాజుచుండవచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఒకప్పుడు రోగి మరణించిన పిమ్మట, మెదడును కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించినగాని తెలియని యీ సంగతి నేడు బ్రతికియున్న రోగి మెదడులోనే చూచుటకు వీలగుచున్నది. ఆ వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్. ఆ చూపు నిచ్చిన సాధనము ఎం.ఆర్.ఐ. యంత్రము. ఈ రెంటిని గూర్చి మన గ్రామ పాఠకులకు తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ వ్యాధి మన దేశమున అంతగా వ్యాపించినది కాదు. కర్ణాటకమునందలి మంగుళూరు నగరమున జరిగిన యొక గణనలో లక్షమందికి సుమారు 8 మంది యీ వ్యాధిగలవారని తేలినది. ప్రపంచము మొత్తముమీద రోగుల సంఖ్య 28 లక్షలకు పైబడి యున్నది. అరుదైన వ్యాధి గదా, దీనిని గూర్చి పల్లెలలో చెప్పనేల యని కొందరు అడుగవచ్చును. దీనికి మేము చూపు కారణములు రెండు. మొదటిది, ఇది చాలమందికి 20 మొదలు 40 ఏండ్ల వయస్సులో, సంసారభారమును మోయు కాలమున వచ్చును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. రెండవది, అరుదైనదగుటచేతనే దీనిని గుర్తించువారు తక్కువ. "నరాల బలహీనత" యను నొక్క మాటతో సరిపెట్టి, బలపు మందులతో ఏండ్లు గడుపువారు కలరు. ఈ వ్యాధిలో పోయిన కాలము తిరిగి రాదు.

వ్యాధి స్వరూపము

పంపుసెట్టుకు కరెంటును తెచ్చు తీగను మన రైతులందరును ఎరుగుదురు. లోపల రాగి తీగ, పైన దానిని కాపాడు తొడుగు ఉండును. తొడుగు చిరిగినచో విద్యుత్తు సరిగా ప్రవహింపదు. మన మెదడునందును, వెన్నుపామునందును ఉన్న నరపు పోగులకు గూడ ఇట్టి తొడుగొకటి కలదు. కొవ్వు పదార్థముతో ఏర్పడిన యీ తొడుగును మైలిన్ అందురు. దీనిని అల్లి, కాపాడుచుండుటకు ప్రత్యేకముగా కొన్ని కణములు గలవు.

దేహమును రోగక్రిముల నుండి కాపాడవలసిన రక్షక కణములే దారితప్పి యీ తొడుగుపై దాడి చేయుట మల్టిపుల్ స్క్లిరోసిస్ వ్యాధిలోని ముఖ్యాంశము. దాడి జరిగినచోట వాపు కలుగును. తొడుగు ఊడిపోవును. ఆ స్థలము గట్టిపడి మచ్చగా మిగులును. 1868లో పారిస్ నగరమున జాన్ మార్టిన్ షార్కో అను వైద్యుడు ఇట్టి మచ్చలకును, రోగి బ్రతికియున్నపుడు కనబడిన లక్షణములకును సంబంధమును చూపి, దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను.

మచ్చ ఏర్పడిన చోటును బట్టి లక్షణము మారును. కంటి నరమున ఏర్పడినచో ఒక కంటిచూపు మసకబారి, కన్ను కదల్చినపుడు నొప్పి పుట్టును. వెన్నుపామున ఏర్పడినచో నడుము దిగువ తిమ్మిరి, కాళ్ళ బిగువు, మూత్రమును ఆపుకొనలేకపోవుట సంభవించును. చిన్నమెదడు వైపున ఏర్పడినచో నడక తూలును. చాలమందికి లక్షణములు కొన్ని దినములలో పెరిగి, కొన్ని వారములకు తగ్గును. మరల కొన్ని నెలలకో, ఏండ్లకో ఇంకొక దాడి వచ్చును. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలసి భుజించుటవలన గాని, ఒకే యింట నివసించుటవలన గాని ఇతరులకు సోకదు.

అయస్కాంతముతో మెదడును చూచుట

ఎం.ఆర్.ఐ. యంత్రమున ఎక్స్‌రే కిరణములు లేవు. దానియందు బలమైన అయస్కాంతమును, రేడియో తరంగములను మాత్రమే ఉపయోగింతురు. మన దేహమున అధికభాగము నీరు. నీటిలోని హైడ్రోజను పరమాణువుల కేంద్రములు చిన్న సూదంటురాళ్ళవలె ప్రవర్తించును. యంత్రముయొక్క అయస్కాంత శక్తికి లోబడి అవి యొక వరుసకు వచ్చును. రేడియో తరంగము తాకినపుడు వరుస తప్పి, మరల యథాస్థితికి వచ్చుచు సన్నని సంకేతములను వెలువరించును. నీరు ఎక్కువగా నున్నచోట ఒక విధముగను, కొవ్వు ఎక్కువగా నున్నచోట మరియొక విధముగను వచ్చు యీ సంకేతములను కంప్యూటరు చిత్రముగా కూర్చును. ఆసుపత్రులలో సాధారణముగా వాడు యంత్రముల అయస్కాంత బలము 1.5 టెస్లా గాని, 3 టెస్లా గాని యుండును. 3 టెస్లాల బలము భూమియొక్క అయస్కాంత బలమునకు సుమారు 60 వేల రెట్లు.

ఈ విధమున చిత్రములను తీయు మార్గమును 1973లో అమెరికాకు చెందిన పాల్ లాటర్‌బర్ ప్రకటించెను. ఇంగ్లండునకు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని వృద్ధిపరచెను. వీరిరువురకు 2003లో నోబెల్ బహుమానము లభించినది. మల్టిపుల్ స్క్లిరోసిస్ రోగుల మెదడును ఈ విధమున చూచుట 1981లో లండను నగరమునందలి హామర్‌స్మిత్ ఆసుపత్రిలో ఆరంభమైనది. ఆనాడు పదిమంది రోగులలో సి.టి. పరీక్ష 19 మచ్చలను మాత్రమే చూపగా, ఈ క్రొత్త పరీక్ష వానికి తోడు మరి 112 మచ్చలను బయటపెట్టెను. నాటినుండి యీ వ్యాధి నిర్ణయమున ఎం.ఆర్.ఐ. ప్రధాన సాధనమైనది.

కాంట్రాస్టు మందు చూపునది, చూపనిది

మచ్చ కనబడినంత మాత్రమున అది క్రొత్తదో, పాతదో తెలియదు. దీనికై రోగి నరములోనికి గడోలినియం కలిగిన కాంట్రాస్టు మందును ఎక్కించి చిత్రములు తీయుదురు. మెదడులోని రక్తనాళములకు కట్టుదిట్టమైన గోడ యుండును. సాధారణముగా ఈ మందు ఆ గోడను దాటి మెదడులోనికి పోజాలదు. క్రొత్తదాడి జరుగుచున్నచోట మాత్రము గోడ సడలి, మందు లోనికి ఊరి, చిత్రమున ఆ మచ్చ తెల్లగా వెలుగును. దీనినిబట్టి మంట చెలరేగుచున్నదని వైద్యులు గ్రహింతురు.

అయితే యీ వెలుగు కొన్ని వారములే నిలుచును. రక్తనాళపు గోడ మరల బిగిసిన పిమ్మట మందు లోనికి పోదు, మచ్చ వెలుగదు. అంతట మంట చల్లారినట్లే యని చిరకాలము తలచిరి. కాని రోగుల అనుభవము దీనికి సరిపడలేదు. ఏటేట తీసిన ఫిలిములో "క్రొత్త మచ్చలు లేవు" అని వ్రాయబడియుండును. దాడియు వచ్చియుండదు. అయినను నిరుడు చెరువు గట్టుదాక నడచిన మనిషి నేడు వీధి చివర చతికిలబడును. చేతిలోని గ్లాసు జారును. మాట తట్టుటకు ఆలస్యమగును. ఇట్టివారిని సోమరులని బంధువులు నిందించిన సందర్భములును, "ఫిలిము బాగుగనే యున్నది" అని వైద్యులు పంపివేసిన సందర్భములును లేకపోలేదు.

మరణించిన రోగుల మెదళ్ళను పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఈ చిక్కునకు సమాధానము కొంత తెలిసియున్నది. పాతమచ్చలలో కొన్ని నిజముగా చల్లారినవి. మరికొన్నిటిలో నడుమ భాగము చల్లారినను, అంచున మాత్రము వాపు సాగుచునే యున్నది. రక్తనాళపు గోడ మూసికొనియుండగా, దాని వెనుక జరుగు దహనమిది. కాంట్రాస్టు మందు అక్కడికి చేరజాలదు గనుక సాధారణ చిత్రములలో ఇది కనబడదు.

అంచున పాకు నిప్పు

మరపట్టిన వడ్ల ఊక కుప్పకు నిప్పంటుకొన్నపుడు మంట పైకి లేవదు. నడుమ బూడిదయగును. అంచున ఎఱ్ఱని గీతవలె నిప్పు పాకుచు, కుప్పను మెల్లమెల్లగా తినుచు పోవును. మెదడులోని యీ మచ్చల వర్తనము సరిగా ఇట్టిదే. ఆ అంచున చేరియుండునవి మైక్రోగ్లియా అను కావలి కణములు. మెదడులో చెత్తను ఎత్తివేయుట, శత్రువును పసికట్టుట వీని పని. ఈ మచ్చల చుట్టును చేరినవి మాత్రము శాంతింపక, ప్రక్కనున్న మైలిన్ తొడుగును, నరపు పోగులను పాడుచేయుచుండును.

ఈ కణములను పట్టియిచ్చినది ఇనుము. మైలిన్ తొడుగును అల్లు కణములలో ఇనుము అధికముగా నుండును. అవి నశించినపుడు వెలువడిన యినుమును మైక్రోగ్లియా కణములు తమలో నింపుకొనును. ఇనుము సూదంటురాయి ప్రభావమును కొంచెముగా మార్చునని మన మెరిగినదే. ఇనుము నిండిన కణములు వరుసకట్టినచోట యంత్రముయొక్క అయస్కాంత క్షేత్రమున సూక్ష్మమైన తేడా కలుగును. ఆ తేడాను మాత్రమే ఏరి చూపునట్లు యంత్రమును అమర్చి చిత్రము తీసినచో, మచ్చచుట్టు నల్లని సన్నగీత వలయమువలె కనబడును. ఈ విధానమునకు కాంట్రాస్టు మందు అవసరము లేదు. సాధారణ పరీక్షకు తోడు కొలది నిమిషముల కాలము పట్టును.

ఒక హెచ్చరిక యవసరము. ఇనుము చేరిన వలయము లేని మచ్చలన్నియు పూర్తిగా చల్లారినవని చెప్పుటకు వీలులేదు. వలయము కనబడుట నిప్పు కలదనుటకు గుర్తు. కనబడకపోవుట నిప్పు లేదనుటకు సాక్ష్యము కాదు.

బెథెస్డా పరిశోధనము

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున, బెథెస్డాయందలి జాతీయ ఆరోగ్య సంస్థలలో మార్టినా అబ్సింటా, డేనియల్ రైక్ మొదలగువారు ఈ విషయమును ఏండ్ల తరబడి పరిశీలించి, 2019లో ఫలితములను ప్రకటించిరి. వారు 7 టెస్లాల బలముగల యంత్రమును గూడ వినియోగించిరి. 192 మంది రోగుల చిత్రములను పరీక్షింపగా, 56 శాతము మందిలో నల్లని అంచుగల మచ్చ ఒక్కటియైనను కనబడినది. ఇట్టి మచ్చలు నాలుగు గాని, అంతకు మించి గాని యున్నవారికి నడకలోను, ఆలోచనా శక్తిలోను లోపములు ఇతరులకంటె చిన్న వయస్సుననే ఏర్పడినట్లు తేలినది. వీరిలో చాలమంది చికిత్స పొందుచున్నవారే యనునది గమనింపదగిన విషయము.

పది సంవత్సరములు, అంతకుపైగా ఏటేట చిత్రములు తీయించుకొనిన కొందరు రోగుల పాత చిత్రములను గూడ వారు వరుసగా పేర్చి చూచిరి. అంచులేని మచ్చలు సాధారణముగా కాలక్రమమున కుంచించుకొని పోయినవి. అంచుగల మచ్చలలో అనేకము అట్లే నిలిచినవి, లేదా పెరిగినవి. చిత్రమున కనబడు నల్లగీత నిజముగా మంటకు గుర్తేనా యను సందేహమును తీర్చుటకు, మరణించిన రోగి మెదడును పరీక్షించిరి. బ్రతికియున్నపుడు తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రముల కొలతలతో, త్రీడీ ప్రింటరు సాయమున ఆ మెదడునకు సరిపడు అచ్చును తయారుచేసి, చిత్రములోని పొరకు సరియైన పొరనే కోసి సూక్ష్మదర్శినిలో చూచిరి. చిత్రము వలయమును చూపినచోటనే రాజుచున్న మచ్చయొక్క లక్షణములు కనబడినవి.

ఇంతటి బలమైన యంత్రము అన్నిచోట్ల ఉండదు. అయితే తగిన అమరికతో తీసినచో 3 టెస్లా యంత్రములలో గూడ ఈ వలయములు కనబడునని రుజువైనది. ఇట్టి యంత్రములు మన నగరములలోను గలవు.

దీనివలన రోగికి కలుగు మేలు

మొదటి మేలు వ్యాధి నిర్ణయమునకు సంబంధించినది. తలనొప్పి రోగులలోను, రక్తపుపోటు గలవారిలోను మెదడునందు తెల్లని చుక్కలు కనబడుట సామాన్యము. కంటి నరమును, వెన్నుపామును దెబ్బతీయు న్యూరోమైలైటిస్ ఆప్టికా అను వేరొక వ్యాధియు మన దేశమున కలదు. చూచుటకు దీనివలెనే యున్నను, దాని చికిత్స వేరు. మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు వాడు మందులు కొన్ని ఆ వ్యాధిని మరింత ముదిరింపజేయును. నల్లని అంచుగల మచ్చలు ఇతర వ్యాధులలో చాల అరుదు గనుక, అవి కనబడినపుడు నిర్ణయమునకు బలము చేకూరును. అంతర్జాతీయ నిపుణులు వ్యాధి నిర్ణయ సూత్రములను 2024లో సవరించినపుడు ఈ గుర్తునకు అందు స్థానము కల్పించిరి. ఆ సూత్రములు 2025లో ప్రకటింపబడినవి.

రెండవ మేలు ముందుచూపునకు సంబంధించినది. ఏ రోగికి వైకల్యము త్వరగా రాగలదో తెలిసినచో, వైద్యుడు బలమైన మందును ఆలస్యము లేక ఆరంభించుటకును, తరచుగా పరీక్షించుటకును అవకాశము కలుగును.

మూడవది, క్రొత్త మందుల అన్వేషణ. ఇంటర్‌ఫెరాన్ బీటా అను మందు 1993లో అమెరికాలో అనుమతి పొందినది మొదలు, దాడులను తగ్గించు మందులు పెక్కు వచ్చినవి. ఇవి ముఖ్యముగా రక్తములోని దారితప్పిన కణములను అదుపు చేయును. మెదడులోపల స్థిరపడిన మంటపై వీని ప్రభావము స్వల్పము. మెదడులోనికి చొచ్చుకొని పోవు మందులపై నేడు పరీక్షలు జరుగుచున్నవి. వానిలో టోలెబ్రూటినిబ్ ఒకటి. దాడులు లేకయే వైకల్యము పెరుగుచున్న రోగులపై జరిగిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర తీసికొనినవారితో పోల్చగా, వైకల్యము పెరుగు ప్రమాదము 31 శాతము తగ్గినట్లు 2025లో ప్రకటించిరి. కొందరికి కాలేయమునకు తీవ్రమైన హాని కలిగినట్లును అందే కనబడినది. కావున ఇది ఆశ కలిగించు వార్తయేగాని, అంగడిలో అడిగి కొనదగిన మందు కాదు. నల్లని వలయమును తప్పక ఆర్పునని నిరూపింపబడిన మందు ఇంకను లేదు.

మన గ్రామములలో గమనింపవలసినవి

ఒక కంటిచూపు కొన్ని దినములలో మసకబారుట, వస్తువులు రెండుగా కనబడుట, ఒక వైపు కాలుచేతులలో గాని, నడుము దిగువ గాని తిమ్మిరి ఒకదినమునకు మించి నిలుచుట, కారణము లేక నడక తూలుట, ఇవి యౌవనమున కనబడినపుడు ఉపేక్షింపరాదు. వచ్చిన లక్షణము తానై తగ్గినను వైద్యునికి చూపవలెను. అది తగ్గుటయే యీ వ్యాధియొక్క మాయ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని సలహాతో నాడీవైద్య నిపుణుని దర్శింపవలెను. హైదరాబాదునందలి నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులలోను, విశాఖపట్టణమునందలి కింగ్ జార్జి ఆసుపత్రిలోను, తిరుపతియందలి స్విమ్స్‌లోను నాడీవైద్య విభాగములు కలవు.

ఎం.ఆర్.ఐ. పరీక్షకు పోవునపుడు దేహములో పేస్‌మేకరు గాని, శస్త్రచికిత్సలో అమర్చిన లోహపు ముక్క గాని యున్నచో ముందుగనే చెప్పవలెను. నగలు, తాళపుచెవులు, వెండ్రుకల పిన్నులు వెలుపలనే తీసి యుంచవలెను. గర్భవతులును, మూత్రపిండముల జబ్బు గలవారును కాంట్రాస్టు మందు ఎక్కించుటకు ముందే ఆ సంగతి తెలుపవలెను. యంత్రము పెద్దగా చప్పుడు చేయును. అందువలన భయపడ పనిలేదు. కదలక పరుండినచో చిత్రము స్పష్టముగా వచ్చును.

పాత ఫిలిములను, సి.డి.లను పారవేయరాదు. నేటి చిత్రమును నిరుటి చిత్రముతో పోల్చినప్పుడే మచ్చ పెరిగినదో, తగ్గినదో తెలియును. పట్టాదారు పుస్తకమువలె వానిని భద్రపరచుట మంచిది. "ఫిలిములో మార్పు లేదు, కాని నా నడక తగ్గినది" అని రోగికి తోచినచో, ఆ మాటను వైద్యునితో స్పష్టముగా చెప్పవలెను. నిరుడు ఎంత దూరము నడచెనో, నేడు ఎంత నడువగలుగుచున్నాడో వ్రాసికొనిపోయిన మరింత ప్రయోజనము. ఫిలిము నిశ్శబ్దముగా నున్నను వ్యాధి సాగవచ్చునని శాస్త్రము నేడు ఒప్పుకొనుచున్నది గనుక, రోగి మాటకు విలువ పెరిగినది. ఒంట్లో బాగుగనున్నదని మందును మధ్యలో మానుట ప్రమాదకరము.

రోహిణికార్తె ఎండలలో ఈ రోగులకు లక్షణములు పెరుగును. ఒంటి వేడిమి పెరిగినపుడు తొడుగు ఊడిన నరములలో సంకేతములు మరింత తడబడుటయే దీనికి కారణము. చల్లబడిన పిమ్మట ఇవి తగ్గును. కావున ఎండ పనిని ఉదయము, సాయంకాలమునకు మార్చుకొనవలెను. జ్వరము వచ్చినపుడు వెంటనే చికిత్స పొందవలెను. ఈ వ్యాధిగల స్త్రీలు వైద్యుని సలహాతో తల్లులు కావచ్చును. గర్భిణిగా నున్నపుడు దాడులు సామాన్యముగా తగ్గును. వివాహము చెడగొట్టుటకో, కోడలిని పుట్టింటికి పంపుటకో యీ వ్యాధిని సాకుగా చూపుట అన్యాయము.

2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమున గుర్తింపబడిన 21 విధముల వైకల్యములలో మల్టిపుల్ స్క్లిరోసిస్ ఒకటి. వైకల్యము 40 శాతమునకు తక్కువ కాదని వైద్యమండలి ధ్రువీకరించినచో, ఆ చట్టమునందలి రిజర్వేషన్లు మొదలగు సౌకర్యములకు రోగి అర్హత పొందును. కంటికి కనబడు కుంటితనము లేదని వెనుదీయక ఈ పత్రమునకై దరఖాస్తు చేసికొనవలెను. 1985లో స్థాపింపబడిన భారత మల్టిపుల్ స్క్లిరోసిస్ సంఘము రోగులకును, కుటుంబములకును సలహాల నిచ్చుచున్నది.

దాలిలోని నిప్పును ఎరిగిన గృహిణి బూడిదను చూచి మోసపోదు. అట్లే, "దాడి లేదు గదా" యను మాటతో తృప్తిపడక, మెల్లగా తగ్గుచున్న శక్తిని కనిపెట్టి, వేళకు వైద్యుని కడకు కొనిపోవుట కుటుంబమువారి విధి. నిప్పు ఎక్కడ నున్నదో చూపు యంత్రము వచ్చినది. దానిని ఆర్పు మందు వచ్చునంతవరకు, మిగిలిన నరములను కాపాడుకొనుట మన చేతిలోని పని.